తాల్‌బగీచా పెట్టె: బొమ్మల్లో, కథల్లో, రోజువారీ బతుకులో బాల్యాన్ని దాచుకోవడం

బ్యాంకులో పనిచేసేవాళ్ళకు దాచడమంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. ఖాతాదారు సొమ్ము దాస్తాం. నగలకు లాకరు ఇస్తాం. తనఖా పెట్టిన దస్తావేజులు ఇనప బీరువాలో భద్రపరుస్తాం. దాచిన ప్రతిదానికీ ఒక పద్దు ఉంటుంది: ఎవరిది, ఎప్పుడు పెట్టారు, వారి తర్వాత ఎవరికి చెందాలి. ముప్పై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. అయినా మా ఇంటి అటక మీది రేకు పెట్టె గురించి మాత్రం ఒక్క పద్దూ రాసుకోలేదని గత సంక్రాంతికి గాని తెలిసిరాలేదు.

మా అమ్మ ఖరగ్‌పూర్‌లో, తాల్‌బగీచాలో, నాన్న కట్టిన చిన్న ఇంట్లో ఒంటరిగా ఉండేది. ఇప్పుడు ఆవిడకు 77 ఏళ్ళు. ఏడాదిగా నిన్నటి సంగతులు మరిచిపోతోంది. పొద్దున్న వేసుకున్న మాత్ర మధ్యాహ్నం మళ్ళీ వేసుకోబోతుంది. ఇక ఒంటరిగా ఉంచడం మంచిది కాదని, విశాఖపట్నం తీసుకొచ్చేయాలని అక్కా నేనూ అనుకున్నాం. పండక్కి వెళ్ళి, ఇల్లు సర్దడం మొదలుపెట్టి, అటక మీది పెట్టె దించాం.

అందులో ఆరు లక్కపిడతలు, ఒక కాలు విరిగిన చెక్క గుర్రం, హార్లిక్స్ సీసాలో గోళీలు, అట్టలు ఊడిన చందమామలు నాలుగు, నాన్న వర్క్‌షాపుకు పట్టుకెళ్ళిన క్యారియర్ మూత ఉన్నాయి. నేను పెద్ద తెలిసినవాడిలా, "ఈ పిడతలు నీవే అక్కా, నాన్న నీకు కొన్నారు కదా" అన్నాను. అక్క కూడా తలూపింది. మంచం మీద కూర్చున్న అమ్మ ఒక్కసారి లేచి వచ్చింది.

"నీవేటి, దానివేటి? అవి నావిరా. మా తమ్ముడు పుట్టిన రోజున, ఇంక అమ్మ ఒళ్ళో నాకు చోటుండదని ఏడుస్తుంటే, మా తాత యలమంచిలి టేసన్లో కొన్నాడు. ఎనిమిది ఉండేవి. రెండు రైల్లో పోయినాయి."

పెళ్ళయి ఖరగ్‌పూర్ వచ్చినప్పుడు ఆ పిడతల్ని చీరల మడతల్లో పెట్టి తెచ్చుకుందట. అక్క ఆడుకున్నదీ నిజమే, కానీ అవి అక్క కోసం కొన్నవి కావు. యాభై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్న వస్తువు గురించి మేమిద్దరం తప్పుగానే అనుకుంటూ వచ్చాం. ఇంకో రెండేళ్ళు ఆగి పెట్టె దించి ఉంటే మా తప్పును దిద్దడానికి ఎవరూ ఉండేవారు కాదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

తాటితోపు పేరున్న పేట

బెంగాలీలో తాల్ అంటే తాడిచెట్టు, బగీచా అంటే తోట. మన భాషలో చెప్పాలంటే తాటితోపు. ఖరగ్‌పూర్ రైలు కోసం పుట్టి, రైలుతో పెరిగిన ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 19వ శతాబ్దం చివరి సంవత్సరాల్లో ఇక్కడ జంక్షను నెలకొల్పింది. దాని వెంట పెద్ద వర్క్‌షాపు వచ్చింది. తూర్పు తీరం వెంబడి పట్టాలు కలవడంతో నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వేలమంది తెలుగువారు కలాసీలుగా, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా ఇక్కడికి చేరారు. 1072.5 మీటర్ల పొడవున్న ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం చాలాకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు మోసింది. 2013లో గోరఖ్‌పూర్, ఆ తర్వాత హుబ్బళ్ళి దాన్ని దాటాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువారికి అది పండగలాంటి వార్త.

అయితే భాషకు గుర్తింపు ప్రభుత్వం ఇవ్వగలదు గాని, ఆ భాషలో మనం ఆడిన ఆటల్ని, విన్న కథల్ని మన కోసం ప్రభుత్వం గుర్తుపెట్టుకోదు. పైగా రైల్వే ఊళ్ళకు ఒక లక్షణం ఉంది. క్వార్టరు మనది కాదు. ఉద్యోగ విరమణ అయ్యాక ఖాళీ చేయాల్సిందే. సామాను సర్దేటప్పుడు మంచం, బీరువా, మిక్సీ లారీ ఎక్కుతాయి. పిల్లల బొమ్మలు పాతసామానువాడి తట్టలోకి పోతాయి. బదిలీల మీద తిరిగే మన బ్యాంకు కుటుంబాలకు ఇది కొత్త సంగతేం కాదు.

నిలవని బొమ్మలు

మా చిన్నతనపు బొమ్మల్లో చాలా వాటిని దాచడానికే వీల్లేదు. వాటిలో మొదటిది తాటికాయ బండి. వేసవిలో ముంజెలు తినేసిన కాయలు రెండు ఏరుకొని, వాటి మధ్య ఒక పుల్లను ఇరుసులా గుచ్చాలి. చివర పంగ ఉన్న పొడవాటి కర్రను ఆ ఇరుసుకు ఆనించి వెనకనుంచి తోసుకుంటూ పరిగెత్తాలి. మూడు రోజులకు కాయలు వడిలిపోతాయి. నాలుగో రోజు కొత్త బండి.

తాటాకు బొమ్మలు కూడా అంతే. ఆకును మడిచి పెళ్ళికూతుర్ని, పెళ్ళికొడుకుని చేసి, పసుపు గుడ్డ పీలిక చుట్టి, ఆడపిల్లలు బొమ్మల పెళ్ళి చేసేవారు. మా పక్కింటి మాసీమా మనవడు అదే తాటాకుతో సిపాయిని చేసేవాడు. పుల్లకు గుచ్చి తిప్పితే కాళ్ళూ చేతులూ ఎగరేస్తుంది. బెంగాలీలో దాన్ని తాల్‌పాతార్ సేపాయి అంటారు. బక్కపలచని మనిషిని వెక్కిరించడానికి కూడా ఆ మాటే వాడతారు. ఒకే చెట్టు ఆకుతో మన పిల్లలు పెళ్ళి చేస్తే, వాళ్ళ పిల్లలు సైన్యాన్ని కట్టారన్నమాట.

ఆటలకు రెండేసి పేర్లు ఉండేవి. మన తొక్కుడుబిళ్ళ వాళ్ళకు ఎక్కా దొక్కా. దాగుడుమూతలు లుకోచురి. కర్రాబిళ్ళ డాంగ్‌గులి. గాలిపటం ఘుడి. గుజ్జనగూళ్ళు రాన్నాబాటి. ఇంట్లో ఒక పేరు, వీధిలో ఇంకో పేరు. ఏ పేరుతో పిలిస్తే ఎవరు పరిగెత్తుకొస్తారో ఐదేళ్ళ పిల్లకైనా తెలుసు. ఈ పేర్ల జాబితాను అక్కా నేనూ రాద్దామని కూర్చుంటే ఇద్దరికీ కలిపి పదకొండే గుర్తొచ్చాయి. అమ్మ ఇంకో తొమ్మిది చెప్పింది.

నిలవని బొమ్మలు నేర్పేది ఒక్కటే. వస్తువును దాచలేనప్పుడు చేసే పద్ధతిని దాచాలి. తాటికాయ బండిని పెట్టెలో పెట్టలేం. కానీ దాన్ని ఎలా చేస్తారో తెలిసిన మనిషి ఇంట్లో ఉంటే బండి ఉన్నట్టే.

లక్కపిడతలు: నిలిచినవాటిని పాడుచేసుకున్న కథ

నిలిచే బొమ్మల సంగతి వేరు. అమ్మ లక్కపిడతలు యలమంచిలికి దగ్గరలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో చేసేవాటిలాంటివే. ఏటికొప్పాక ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. అక్కడ అంకుడు కర్రను తరిణె పట్టి, అది గిరగిరా తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని అదిమిపెడతారు. రాపిడికి పుట్టిన వేడితో లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో మెరుగుపెడతారు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్రకృతి రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన ఏటికొప్పాక కళాకారుడు సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ ప్రకటించారు. కొండపల్లి, నిర్మల్ బొమ్మలు మాత్రం పొనికి కర్రతో చెక్కి, రంగులద్దినవి. ఏ బొమ్మ ఏ కర్రతో, ఏ పూతతో చేశారో తెలిస్తేనే దాన్ని ఎలా కాపాడాలో తెలుస్తుంది.

ఆ తెలియకపోవడమే నా కొంప ముంచింది. 2020లో కరోనా రోజుల్లో నేను తాల్‌బగీచా వెళ్ళినప్పుడు, అటక మీద దుమ్ము పట్టిన వస్తువులన్నీ శానిటైజరుతో తుడిచాను. ఒక పిడత మీది ఎర్ర రంగు గుడ్డకు అంటుకొచ్చి, చోటు చోటున తెల్లటి కర్ర బయటపడింది. రంగు నాసిదనుకొని పెట్టెలో పడేశాను. లక్క ఆల్కహాలులో కరుగుతుందని, శానిటైజరులో ఉండేది ముఖ్యంగా ఆల్కహాలేనని ఆ తర్వాత ఎప్పటికో తెలిసింది. డెబ్భై ఏళ్ళు రైళ్ళలో, పెట్టెల్లో, పిల్లల చేతుల్లో నిలిచిన రంగును నేను ఒక్క నిమిషంలో తుడిచేశాను. అమ్మ ఆ పిడతను చేతిలోకి తీసుకొని తిప్పి చూసింది గాని ఏమీ అనలేదు.

కథలు: రెండు భాషల అమ్మమ్మలు

బొమ్మ మౌనంగా ఉంటుంది. దానికి మాట ఇచ్చేది కథ. మా ఇంట్లో కరెంటు పోతే అమ్మ పేదరాసి పెద్దమ్మ కథలు చెప్పేది. పక్కింట్లో మాసీమా ఠాకూర్‌మార్ ఝులి లోని కథలు చెప్పేది. ఠాకూర్‌మార్ ఝులి అంటే నాయనమ్మ సంచి. దక్షిణారంజన్ మిత్ర మజుందార్ బెంగాల్ పల్లెల్లో విన్న కథల్ని సేకరించి 1907లో ఆ పుస్తకం తెచ్చారు. రవీంద్రనాథ్ ఠాగూర్ దానికి ముందుమాట రాశారు. నాయనమ్మల నోళ్ళలో ఉన్నది వాళ్ళతోనే పోకుండా ఆయన కాగితం మీద పెట్టారు కాబట్టే బెంగాలీ పిల్లలు ఇప్పటికీ వాటిని చదువుతున్నారు.

మన వైపు ఆ పని పత్రికలు చేశాయి. రేడియో అన్నయ్యగా పేరుపొందిన న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి 1945లో "బాల" పత్రిక మొదలుపెట్టారు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి "చందమామ"ను ప్రారంభించారు. ఊరి నుంచి వచ్చేవాళ్ళు ఎవరైనా చందమామ తెస్తే, అది మా వీధిలో తెలుగు ఇళ్ళన్నీ తిరిగి అట్ట ఊడాక మా దగ్గరకు వచ్చేది. పెట్టెలో దొరికిన నాలుగూ అలాంటివే.

ఖరగ్‌పూర్ ఉన్న పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే పింగ్లా దగ్గర నయా అనే పల్లె ఉంది. అక్కడి పటువా కుటుంబాలు కథను పొడవాటి పటం మీద బొమ్మలుగా గీసి, పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ పాడి వినిపిస్తారు. పాట లేకుండా పటం సగమే. బొమ్మనూ కథనూ విడదీయకుండా దాచడమంటే ఎలాగో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

రోజువారీ బతుకు: ఎవరూ దాచనిది

బొమ్మలూ కథలూ కాస్తో కూస్తో మిగులుతాయి. మామూలు రోజు ఎలా గడిచేదో మాత్రం ఎవరూ రాసుకోరు. క్యారియర్ మూత చూసి అమ్మ చెప్పింది: వర్క్‌షాపు సైరను విని పొయ్యి మీద బియ్యం పెట్టేదట. గడియారం చూసే పనే లేదు. నాన్న సైకిలు గొలుసు చప్పుడు వీధి మలుపులోనే గుర్తుపట్టేది. శ్రావణ భాద్రపదాల్లో తాటిపండ్లు రాలితే మాసీమా ఇంటి నుంచి తాలేర్ బొడా వచ్చేవి, మా ఇంటి నుంచి తాటి రొట్టె వెళ్ళేది. చలికాలంలో తేగలు. జనవరి మధ్యలో వాళ్ళకు పిఠా, మనకు అరిసెలు. సెప్టెంబరులో విశ్వకర్మ పూజ నాడు మా నాన్న మమ్మల్ని వర్క్‌షాపు లోపలికి తీసుకెళ్ళేవారు. పూలదండ వేసిన లేతు మిషను ముందు నిలబెట్టి, "ఇదిగో, మీకు అన్నం పెట్టేది ఇదే" అనేవారు. ఆ మాట నాకు గుర్తుంది. ఆ మిషను రంగు అక్కకు గుర్తుంది. ఆ రోజు నేను భయపడి ఏడ్చానన్నది అమ్మకే గుర్తుంది.

అధ్యయనాలు ఏం చెబుతున్నాయి?

పెద్దయ్యాక మనలో చాలామందికి మూడు, మూడున్నర ఏళ్ళ వయసుకు ముందు జరిగినవి గుర్తుండవు. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని బాల్య విస్మృతి అంటారు. అంటే మన తొలి సంవత్సరాల గురించి మనకు "గుర్తున్నవి" అనుకునేవాటిలో చాలా భాగం పెద్దవాళ్ళు చెప్పగా విన్నవీ, ఫొటోల్లో చూసినవీ. చెప్పేవాళ్ళు పోతే ఆ సంవత్సరాలు కూడా పోయినట్టే.

రెండోది. అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ అనే పరిశోధకులు పిల్లల కోసం 20 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. మీ అమ్మానాన్నలు ఎక్కడ పెరిగారో తెలుసా, వాళ్ళు ఎలా కలిశారో తెలుసా, ఇలాంటి ప్రశ్నలు. ఇంటి కథలు ఎక్కువగా తెలిసిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం ఎక్కువగా ఉన్నట్టు వారు గమనించారు. అయితే జవాబులు బట్టీ పట్టిస్తే ఆ ఫలితం రాదని కూడా వారే హెచ్చరించారు. మేలు చేసేది జవాబులు కావు, వాటిని చెప్పుకోవడానికి ఇంట్లో అందరూ కలిసి కూర్చునే సమయం.

మూడోది పెద్దవాళ్ళకు సంబంధించినది. వృద్ధులు గతాన్ని తలచుకోవడం చాదస్తం కాదని, బతుకును ఒకసారి వెనక్కి తిరిగి సరిచూసుకోవడమని అమెరికన్ వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లో రాశారు. మతిమరుపు ఉన్నవారి సంరక్షణలో పాత వస్తువులు చేతికిచ్చి మాట్లాడించే పద్ధతి ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. అది జబ్బును నయం చేయదు. కానీ నిన్నటి మాత్ర గుర్తులేని మా అమ్మ, పిడత చేతికి వచ్చేసరికి గంటసేపు ఆగకుండా మాట్లాడింది. ఆ గంటసేపు ఆవిడ ఎవరినీ ఏదీ రెండోసారి అడగలేదు.

మనం చేయగలిగినవి

1. సర్దేముందు అడగండి. పాత పెట్టెను ఇంటి పెద్దల ఎదుటే తెరవండి. ఇది ఎవరిది, ఎవరు కొన్నారు, ఎక్కడ, ఎందుకు అని ఒక్కో వస్తువు చూపించి అడగండి. మీకు తెలుసనుకున్నదాన్ని కూడా అడగండి.

2. పద్దు రాయండి. ఒక నోటు పుస్తకంలో ఐదు గడులు చాలు: వస్తువు, ఎవరిది, ఎప్పుడు ఎక్కడ, దాని కథ, చెప్పినవారు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి.

3. మాటను మాటగానే దాచండి. ఫోనులో రికార్డు చేయండి. యాసను దిద్దకండి. "టేసన్" అన్నది "స్టేషన్" అయితే మనిషి మారిపోతుంది.

4. వస్తువును బట్టి సంరక్షణ. లక్క బొమ్మలను మెత్తటి పొడిగుడ్డతోనే తుడవాలి. శానిటైజరు, స్పిరిటు, సెంటు తగలనివ్వకూడదు. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి ఎండలోనూ, వేసవిలో మూసిన కారులోనూ ఉంచకూడదు. చెక్క బొమ్మలను ప్లాస్టిక్ కవరులో బిగించకుండా పాత నూలు గుడ్డలో చుట్టండి. వానాకాలం తర్వాత ఒకసారి పురుగు పట్టిందేమో చూడండి.

5. పసిపిల్లల నోటికి పాత రంగు బొమ్మలు ఇవ్వకండి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. వాటిని చూపించి కథ చెప్పండి. ఆడుకోవడానికి కొత్తవి కొనండి. దుకాణంలో కొనే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేశారు. గుర్తింపు ఉన్న హస్తకళాకారుల బొమ్మలకు మినహాయింపు ఉంది.

6. నిలవనివాటిని మళ్ళీ చేయండి. ఏడాదికొకసారి తాటాకు బొమ్మో, కాగితం పడవో పిల్లలతో చేయించండి. అప్పుడు వీడియో తీయండి.

7. మూడు ప్రతులు ఉంచండి. ఫోనులో ఒకటి, హార్డ్ డిస్కులో ఒకటి, ఇంకో ఊళ్ళో ఉన్న తోబుట్టువు దగ్గర ఒకటి. డేటా సెంటరు విషయంలో మన బ్యాంకు పాటించే సూత్రమే ఇది.

8. నామినీని రాయండి. ఈ పెట్టె తర్వాత ఎవరిది? బలవంతంగా కాదు, ఇష్టం ఉన్న పిల్లకో పిల్లాడికో ఇప్పుడే చెప్పి ఉంచండి. అన్నీ దాచనక్కర్లేదు. పది వస్తువులు, పది కథలు చాలు.

చివరగా

ఫిబ్రవరిలో అమ్మను విశాఖ తీసుకొచ్చాం. కొత్త ఇల్లు ఆవిడకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. రాత్రిళ్ళు లేచి, "సైరను ఇంకా మోగలేదేటి?" అని అడిగేది. మే నెలలో రోడ్డు పక్క ముంజెలు కొని తెచ్చాను. తిన్నాక ఖాళీ కాయలు చెత్తబుట్టలో వేయబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. మా అబ్బాయిని పిలిచి, ఇరుసుకు ఏ పుల్ల కావాలో, పంగల కర్ర ఎంత పొడవుండాలో చెప్పింది. వాడు మొదట ఫోనులో చూసి చేస్తానన్నాడు. "ఫోనుకేటి తెలుసురా!" అంది. రెండుసార్లు ఇరుసు విరిగింది. మూడోసారి బండి అపార్ట్‌మెంటు వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది.

మర్నాడు ఆ సంగతి అమ్మకు గుర్తులేదు. మా వాడికి గుర్తుంది. బండి నాలుగో రోజుకు వడిలిపోయింది. నోటు పుస్తకంలో మాత్రం ఇరవై ఏడో పద్దుగా ఉంది: వస్తువు, తాటికాయ బండి, చెప్పినవారు, నాయనమ్మ. చేతిరాత మా వాడిది.

మిత్రులారా, మీ ఇంట్లో కూడా అటక మీద ఒక పెట్టె ఉండే ఉంటుంది. వచ్చే సెలవు రోజున దాన్ని దించండి. దాని గురించి చెప్పగలిగినవాళ్ళు ఇంట్లో ఉండగానే దించండి.